చాపకూడు నుంచి దస్తర్‌ఖాన్ వరకు – దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి. నగర్ భోజనశాలలు: ఒక పరిశీలన

విషయ ప్రవేశం

ఒక ఊరి నాగరికతను గూర్చి వ్రాయబూనినవారు సాధారణంగా కోటలను, గుళ్ళను, మసీదులను, గ్రంథాలయాలను పేర్కొంటారు. ఆ ఊరివారు పదిమందిలో కూర్చుండి ఏమి తింటున్నారు, ఎవరి సరసన కూర్చుండి తింటున్నారు అనే ప్రశ్నను వేసేవారు తక్కువ. పెండ్లి విందుకు పిలిచినవారే వస్తారు. ఇంటి భోజనానికి అయినవారే కూర్చుంటారు. పిలుపు లేకుండా, చుట్టరికం లేకుండా, జేబులోని కొద్దిపాటి సొమ్ముతో ఎవరైనా వచ్చి కూర్చుండగలిగిన పంక్తి చౌక హోటలులో కనబడుతుంది. అందుచేత సమాజశాస్త్ర విద్యార్థి శ్రద్ధగా పరిశీలించదగిన సంస్థలలో హోటలు కూడ ఒకటియని మేము భావిస్తున్నాము.

ఈ వ్యాసంలో మేము తీసుకొన్న క్షేత్రం హైదరాబాదు తూర్పు భాగాన ఉన్న దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి. నగర్ ప్రాంతం. చౌక హోటలు అన్నప్పుడు, హాస్టలులో ఉండే విద్యార్థి తన నెల ఖర్చుల లెక్క తప్పకుండా వారానికి ఒకటి రెండుసార్లు వెళ్ళగలిగిన తావు అని మా అర్థం. రోడ్డు పక్క బండి మొదలుకొని నాలుగు బల్లలు వేసిన గది వరకు ఇందులో చేరుతాయి. భిన్న దేశాల, భిన్న మతాల వంటలు ఒకే వీధిలో ఎట్లా చేరినవి? భిన్న నియమాలు గల మనుషులు ఒకే బల్ల దగ్గర ఎట్లా కూర్చుంటున్నారు? ఈ రెండు ప్రశ్నలకు సమాధానం వెదకడమే మా ఉద్దేశం. ఉర్దూ, తెలుగు రెండూ చదువుకొనే మన కళాశాలకు ఈ ప్రశ్నలు దూరమైనవి కావు.

ప్రదేశ స్వరూపం

దిల్‌సుఖ్‌నగర్ అనే పేరులోనే ఒక పాఠం ఉన్నది. ఆ పేరు ఇక్కడి భూములకు యజమానిగా ఉండిన దిల్‌సుఖ్ రామ్ ప్రసాద్ అనే వ్యక్తి మీదుగా వచ్చినదని చెబుతారు. మాటను విడదీసి చూస్తే 'దిల్' పారసీకం, 'సుఖం' సంస్కృతం, 'నగరం' సంస్కృతం. తెలుగువాడు, ఉర్దూవాడు ఇద్దరూ దానిని తమ మాటగానే పలుకుతారు. ఎల్.బి. నగర్ అనగా లాల్ బహదూర్ నగర్. అక్కడ కూడ 'బహదూర్' పక్కన 'నగరం' నిలిచి ఉన్నది.

ఈ ప్రాంతం విజయవాడ రహదారి మీద ఉన్నది. నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మం దిక్కుల నుంచి వచ్చే బస్సులు నగరంలో మొదట ఆగేది ఎల్.బి. నగర్ చౌరస్తాలో, తరువాత దిల్‌సుఖ్‌నగర్‌లో. నాగార్జునసాగర్ రోడ్డు, చాంద్రాయణగుట్ట వైపు వెళ్ళే వలయ రహదారి కూడ ఎల్.బి. నగర్ దగ్గరనే కలుస్తాయి. పశ్చిమాన మలక్‌పేట, దానిని దాటితే పాత నగరం. 2007లో ఎల్.బి. నగర్, గడ్డిఅన్నారం పురపాలక సంఘాలు మహానగర పాలక సంస్థలో విలీనమైనవి. 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట నుంచి ఎల్.బి. నగర్ వరకు మెట్రో రైలు నడవసాగినది. మలక్‌పేట, మూసారంబాగ్, దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్, ఎల్.బి. నగర్ స్టేషన్లు ఒకే గీత మీద నిలిచినవి.

రహదారి ఉన్నచోట హోటలు పుడుతుంది. హాస్టలు ఉన్నచోట అది నిలుస్తుంది. చైతన్యపురి, కొత్తపేట, గడ్డిఅన్నారం వీధులలో పోటీ పరీక్షల శిక్షణ కేంద్రాలు, వాటిని ఆనుకొని హాస్టళ్ళు విస్తారంగా ఉన్నవి. పల్లె నుంచి వచ్చిన యువకుడు జీవితంలో మొట్టమొదటిసారి అమ్మ చేతి అన్నం కాక పరాయి చేతి అన్నం రోజూ తినేది ఇక్కడనే. అతని ఎదుట కూర్చున్నవాని కులం, మతం అతనికి తెలియవు. వడ్డించేవాడు బెంగాలు నుంచో బీహారు నుంచో వచ్చి ఉంటాడు. పిలుపు మాత్రం అందరికీ ఒకటే: తెలుగులో 'అన్నా', ఉర్దూలో 'భాయ్'. టిఫిన్ బండి నడిపే స్త్రీ అందరికీ 'అక్క'. కులమతాలను అడగనవసరం లేని ఈ వరుసలను మా పరిశీలనలో ముఖ్యాంశంగా గుర్తించినాము.

నాలుగు రకాల తావులు

మొదటిది ఇరానీ చాయ్ హోటలు. పంతొమ్మిదవ శతాబ్ది చివర, ఇరవయ్యవ శతాబ్ది తొలి దశకాలలో ఇరాను దేశస్థులు బొంబాయి, పూనాల మీదుగా హైదరాబాదు చేరి ఈ హోటళ్ళను స్థాపించినారు. డికాక్షనును మూత పెట్టిన పాత్రలో సన్నని సెగ మీద మగ్గనిచ్చి, పాలను వేరుగా చిక్కగా మరిగించి, కప్పులో రెండింటినీ కలపడం ఈ చాయ్ విధానం. తోడుగా ఉస్మానియా బిస్కెట్టు, బన్ను, సమోసా, లుఖ్మీ. పాత ఇరానీ హోటళ్ళు నగరంలో చాలావరకు మూతపడినవి. వాటి చాయ్ మాత్రం చిన్న చిన్న దుకాణాల రూపంలో ప్రతి మూలకూ ప్రాకినది. ఇరాను ముఖం ఎరుగనివారు కూడ నేడు ఇరానీ చాయ్ కాస్తున్నారు. ఒక కప్పుతో గంటసేపు కూర్చున్నా లేవమనని సంప్రదాయం ఈ హోటలుది. ఖాళీ కుర్చీ ఎక్కడ ఉంటే అక్కడ, అపరిచితుని ఎదుటనైనా, కూర్చుండడం ఇక్కడి మర్యాద.

రెండవది టిఫిన్ సెంటరు. ఇడ్లీ, దోశ, వడ, పూరీ, పల్లీ చట్నీ, అల్లం చట్నీ. ఉడుపి ప్రాంతం నుంచి బయలుదేరి దక్షిణాదియంతటా వ్యాపించిన శాకాహార హోటళ్ళ సంతతి ఇది. సాయంత్రమైతే ఇదే వీధిలో మిర్చి బజ్జీల బండి వెలుస్తుంది. మిరపకాయ అమెరికా ఖండం నుంచి పోర్చుగీసువారి ఓడలలో పదహారవ శతాబ్దిలో మన దేశానికి వచ్చినదని తెలిసినప్పుడు, మన నాలుకకు అతి స్వకీయమైనదని మనం నమ్మే రుచి కూడ ఒకనాటి అతిథియేయని గ్రహిస్తాము. దీని పక్కనే జొన్న రొట్టెలు తట్టే తల్లులు కట్టెల పొయ్యి పెట్టుకొని కూర్చుంటారు. పాలమూరు, నల్లగొండ పల్లెల వంట అట్లా నగరపు ఫుట్‌పాత్ మీద నిలదొక్కుకొన్నది.

మూడవది బిర్యానీ హోటలు. పచ్చి మాంసాన్ని పెరుగు, మసాలాలతో నానబెట్టి, సగం ఉడికిన బియ్యాన్ని దాని మీద పరచి, మూతకు పిండి పూసి దమ్ము పెట్టే కచ్చీ పద్ధతి హైదరాబాదు ప్రత్యేకత. రంజాన్ మాసంలో ఇవే హోటళ్ళ ముందు ఇటుక, మట్టితో భట్టీలు కట్టి హలీం వండుతారు. గోధుమలు, మాంసం, పప్పులు, నెయ్యి కలిపి దాదాపు 12 గంటలు ఉడికించి, పొడుగాటి కట్టె ఘోట్నీలతో మెదిపే ఈ వంటకానికి మూలం అరబ్బుల 'హరీస్'. నిజాము సైన్యంలో చేరిన హద్రమౌత్ అరబ్బులతో అది ఇక్కడికి వచ్చినదని చరిత్ర. 2010లో హైదరాబాదీ హలీంకు భౌగోళిక గుర్తింపు లభించినది. మన దేశంలో మాంసపు వంటకానికి ఆ గుర్తింపు రావడం అదే మొదలు. ఉపవాసం విరమించే ముస్లిం పక్కన, ఉపవాసమే లేని హిందువు గిన్నె పట్టుకొని వరుసలో నిలబడడం రంజాన్ సాయంకాలాలలో సర్వసాధారణ దృశ్యం.

నాలుగవది కొత్త తరం తావు. ఇందులో చైనీస్ ఫాస్ట్‌ఫుడ్ బండి, షవర్మా దుకాణం, మోమోల బల్ల, మండీ హోటలు చేరుతాయి. చికెన్ మంచూరియాను 1975లో బొంబాయిలో కలకత్తా చైనీయుడైన నెల్సన్ వాంగ్ సృష్టించినాడని చెబుతారు. చైనా దేశానికి దానితో గల సంబంధం స్వల్పం. చికెన్ 65 మద్రాసులోని బుహారీ హోటలులో 1965లో పుట్టినదని ప్రసిద్ధి. షవర్మా అనే మాటకు 'తిప్పడం' అనే అర్థం గల తుర్కీ పదం మూలం. మండీ యెమెన్ దేశపు వంట. పాత నగరం దక్షిణాన బార్కస్ అనే పేట ఉన్నది. నిజాము అరబ్బు సైనికుల బారకులు ఉండిన చోటు కనుక ఆ పేరు వచ్చినది. ఆ పేటలో చాలకాలం ఒదిగి ఉన్న మండీ 2010 తరువాతి సంవత్సరాలలో నగరమంతటా వ్యాపించి ఎల్.బి. నగర్‌కు కూడ చేరినది. దాని రుచి కంటె దానిని తినే తీరు మాకు ముఖ్యం. నేల మీద పరుపులు, మధ్య పెద్ద పళ్ళెం, చుట్టూ నలుగురైదుగురు. అన్నం అందరిదీ ఒక్కటే.

మాటలలో కలిసిన రుచులు

వంటలు కలిసినచోట మాటలు కూడ కలుస్తాయి. తెలంగాణ పల్లెలో పెండ్లి అనగానే 'బగారా అన్నం' అంటారు. ఉర్దూలో 'బఘార్' అనగా తిరగమోత. ఆ మాట తెలుగు పందిరి క్రిందకు వచ్చి సొంతదైపోయినది. దాల్చా, ఖీమా, షేర్వా మొదలైన మాటలకు కూడ తెలంగాణ తెలుగులో పౌరసత్వం లభించినది.

ఈ రాకపోకలు ఒకవైపే జరగలేదు. హైదరాబాదు ముస్లిం ఇండ్లలో చింతచిగురు, మాంసం కలిపి వండే కూరను 'చిగుర్ గోష్త్' అంటారు. ఈ 'చిగుర్' మన తెలుగు 'చిగురు'. గోంగూరను వారు 'అంబాడా' అంటారు. అంబాడా గోష్త్ మన గోంగూర మాంసానికి తోబుట్టువు. ఖట్టీ దాల్‌లోని చింతపండు పులుపు, మిర్చీ కా సాలన్‌లోని పల్లీలు, నువ్వులు, బఘారే బైంగన్‌లోని కరివేపాకు – ఇవి ఢిల్లీ, లక్నో వంటలలో ఈ విధంగా కనబడవు. ఈ నేల మీద పక్కపక్క ఇండ్లలో బ్రతికినవారు ఒకరి పొయ్యి వాసన మరొకరు పీల్చగా పుట్టిన రుచులివి. గుత్తివంకాయకు, బఘారే బైంగన్‌కు మధ్య ఉన్న దూరం ఒక గోడ మందం మాత్రమే.

మన కళాశాలలో ఉర్దూ విద్యార్థి తెలుగు కష్టమనుట, తెలుగు విద్యార్థి ఉర్దూ కష్టమనుట తరచు వింటున్నాము. ఇద్దరూ హోటలు పలకను ఒకసారి చదివితే తమకు రెండవ భాష ఇదివరకే కొంత వచ్చునని తెలుసుకొంటారు.

ఈ పంక్తి ఎట్లా ఏర్పడినది?

నియమాలు వేరైనవారు ఒకచోట తినగలగడానికి మాకు రెండు కారణాలు కనబడినవి.

మొదటి కారణం వంటల స్వభావం. టిఫిన్ సెంటరులో మాంసం లేదు. కనుక హలాల్ ప్రశ్న పుట్టదు, ముస్లిం విద్యార్థి నిశ్చింతగా తింటాడు. ఇరానీ హోటలులో చాయ్, బన్ను తీసుకొనే శాకాహారికి బాధ లేదు. బిర్యానీ హోటలులో హలాల్ మాంసం ఉంటుంది. మాంసాహారియైన హిందువులలో చాలమందికి అది అభ్యంతరం కాదు. నూడుల్స్, మండీ వంటి కొత్త పదార్థాలను గూర్చి తాతముత్తాతలు ఏ నియమమూ చెప్పి ఉండలేదు. పాత నియమం లేని పదార్థం దగ్గర మనుషులు సులభంగా కలుస్తారు.

కాని ఈ కారణం ఒక్కటే చాలదు. చాయ్ కూడ ఒకనాడు కొత్త పదార్థమే. అయినను పల్లెల చాయ్ హోటళ్ళలో దళితులకు వేరు గ్లాసు పెట్టిన రెండు గ్లాసుల పద్ధతి తెలుగునాట ఉండినది. పట్టణాలలో 'బ్రాహ్మణ హోటలు' అనే పలకలు వ్రేలాడినవి. 1957లో మద్రాసులో అటువంటి పలకకు విరుద్ధంగా పెరియార్ ఆందోళన నడిపినారు. రైలు స్టేషన్లలో హిందూ పానీ, ముస్లిం పానీ అని నీళ్ళకు కూడ మతం అంటగట్టిన కాలం అంతకు ముందున్నది. పదార్థం కొత్తదైనంత మాత్రాన మనసు కొత్తది కాదని దీనివలన తెలుస్తున్నది.

రెండవ కారణం మనుషుల ప్రయత్నం, దానిని బలపరచిన శాసనం. పల్నాటి బ్రహ్మనాయుడు కులభేదం పాటించక అందరినీ ఒక చాప మీద కూర్చుండబెట్టి భోజనం పెట్టించినాడని వీరగాథలు చెబుతాయి. ఆ చాపకూడు జ్ఞాపకం కారెంపూడి వీరుల ఉత్సవాలలో నేటికీ నిలిచి ఉన్నది. కేరళలో సహోదరన్ అయ్యప్పన్ 1917లో చెరాయి గ్రామంలో మిశ్రభోజనం ఏర్పాటు చేసి వెలివేతను ఎదుర్కొన్నాడు. ఉర్దూ సంప్రదాయంలోని దస్తర్‌ఖాన్ కూడ నేల మీద పరచిన ఒక వస్త్రమే. దాని చుట్టూ కూర్చున్నవారు ఒకే ఎత్తున కూర్చుంటారు. చాప, దస్తర్‌ఖాన్ రెండూ ఒకే భావానికి రెండు పేర్లు.

మన రాజ్యాంగం ఈ భావాన్ని హక్కుగా మార్చినది. 15వ అధికరణం రెండవ ఖండంలో దుకాణాలు, సార్వజనిక భోజనశాలలు, హోటళ్ళు, వినోదస్థలాలలో ప్రవేశించడానికి మతం, జాతి, కులం, లింగం, జన్మస్థలం కారణంగా ఏ పౌరునికీ అడ్డంకి ఉండరాదని స్పష్టంగా వ్రాయబడి ఉన్నది. రాజ్యాంగ నిర్మాతలు భోజనశాలను పేరు పెట్టి పేర్కొన్నారనే సంగతిని విద్యార్థులు జ్ఞాపకముంచుకోవాలి. 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసినది. 1955లో వచ్చిన అస్పృశ్యతా నేరాల చట్టం హోటలులో ప్రవేశాన్నే గాక, అక్కడి పాత్రల వాడకాన్ని నిరాకరించడాన్ని కూడ నేరంగా ప్రకటించినది. 1976లో ఆ చట్టమే పౌరహక్కుల పరిరక్షణ చట్టమైనది. రెండవ గ్లాసును ఆ చట్టం దృష్టిలో పెట్టుకొన్నదన్నమాట.

ఇతర దేశాలలో కూడ ఈ పోరాటం హోటలు బల్ల దగ్గరనే జరిగినది. అమెరికాలో ఉత్తర కరొలైనా రాష్ట్రం గ్రీన్స్‌బరో పట్టణంలో 1960 ఫిబ్రవరి 1న నలుగురు నల్లజాతి కళాశాల విద్యార్థులు తెల్లవారికి మాత్రమే ప్రత్యేకించిన ఫలహారపు బల్ల దగ్గర కూర్చుండి కాఫీ అడిగినారు. ఇవ్వలేదు, వారు లేవలేదు. మరునాడు మరికొందరు వచ్చినారు. కొద్ది వారాలలో ఆ ఉద్యమం అనేక పట్టణాలకు ప్రాకినది. ఆ సంవత్సరం జులైలో ఆ బల్ల అందరిదీ అయినది. 1964 పౌరహక్కుల చట్టం దేశమంతటా అట్టి వివక్షను నిషేధించినది. వారు మన విద్యార్థుల వయసువారేయని గుర్తించవలసి ఉన్నది.

పంక్తికి తగిలిన గాయాలు

అందరూ కలిసే చోటును కూల్చాలని కోరేవారు కూడ ఉంటారు. 2007 ఆగస్టు 25న కోఠిలోని గోకుల్ చాట్ దగ్గర, లుంబినీ పార్కులో జరిగిన బాంబు ప్రేలుళ్ళలో నలభై మందికి పైగా మరణించినారు. అదే రాత్రి దిల్‌సుఖ్‌నగర్‌లో పాదచారుల వంతెన క్రింద పేలని బాంబు ఒకటి దొరికినది. 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్‌లోనే రెండు బాంబులు ప్రేలినవి: ఒకటి కోణార్క్ థియేటరు ఎదుట ఫలహారపు దుకాణం దగ్గర, రెండవది వెంకటాద్రి థియేటరు సమీపాన బస్సు స్టాపు దగ్గర. 18 మంది ప్రాణాలు కోల్పోయినారు. పుస్తకాల సంచితో వచ్చిన విద్యార్థులు, పని ముగించుకొని ఇల్లు చేరబోతున్న చిరుద్యోగులు అందులో ఉన్నారు. హిందువులు ఉన్నారు, ముస్లింలు ఉన్నారు. టిఫిను ప్లేటు దగ్గర వారిని వేరు చేయని ఊరే మృత్యువులోనూ వారిని వేరు చేయలేకపోయినది.

ఆ తరువాత కొంతకాలం ఊరిలో అనుమానం వ్యాపించినది. గడ్డమును బట్టి, పేరును బట్టి, భాషను బట్టి మనిషిని చూసే చూపు బయలుదేరినది. ఆ చూపు కూడ బాంబు చేయదలచిన పనిలో భాగమే. కాని బండ్లు తిరిగి వచ్చినవి. పొయ్యిలు వెలిగినవి. అదే చౌరస్తాలో నేడు బురఖా ధరించిన తల్లి, గురువారం సాయిబాబా గుడికి వచ్చిన గృహిణి ఒకే బండి దగ్గర పిల్లలకు బజ్జీలు కొనిపెడుతున్నారు. ఈ పునరాగమనాన్ని ఏ ప్రభుత్వమూ ఉత్తర్వు ఇచ్చి జరిపించలేదు. సామాన్యులు దానిని సాధించినారు.

బాంబు లేకుండానే పంక్తిని విడదీసే మార్గాలు కూడ ఉన్నవి. 2024లో ఉత్తరాదిలో కావడి యాత్ర దారిలోని హోటళ్ళ యజమానులు తమ పేర్లను ప్రకటించాలని అధికారులు ఆదేశించగా, జులై 22న సుప్రీంకోర్టు ఆ ఆదేశాల అమలును నిలిపివేసినది. ఏ రకం ఆహారం ఉన్నదో తెలిపితే చాలునని, యజమాని పేరు చెప్పవలసిన నిర్బంధం లేదని పేర్కొన్నది. ఆ ధర్మాసనంలో ఉన్న జస్టిస్ భట్టి మన మదనపల్లె ప్రాంతం వారు. తాను కేరళలో ఉన్నప్పుడు హిందువు నడిపే శాకాహార హోటలు, ముస్లిం నడిపే శాకాహార హోటలు రెండూ ఉండగా, శుభ్రత కారణంగా రెండవదానికే వెళ్ళేవాడినని ఆయన విచారణలో చెప్పినారు. తినేవాడు అడగదగిన ప్రశ్న శుభ్రతను గూర్చినదని ఆ మాటలకు తాత్పర్యం.

లోపాలను గూర్చి

చౌక హోటలును పొగడడమే ఈ వ్యాసం పనియైతే అది పరిశీలన కానేరదు. కొన్ని లోపాలను చెప్పక తప్పదు.

శుభ్రత మొదటిది. చౌక అంటే మురికి అని అర్థం కారాదు. 2006 ఆహార భద్రత చట్టం ప్రకారం హోటలు లైసెన్సు మీద 14 అంకెల సంఖ్య ఉంటుంది. అది గోడ మీద కనబడవలసి ఉన్నది. పచ్చి గ్రుడ్డుతో చేసే మయోనీస్ వలన జబ్బులు రాగా 2024 అక్టోబరు 30న తెలంగాణ ప్రభుత్వం దానిని ఒక సంవత్సరం పాటు నిషేధించినది. షవర్మా, మోమోలు తినే విద్యార్థులు ఈ సంగతి తెలిసి ఉండవలెను.

పనివారి స్థితి రెండవది. పద్నాలుగేండ్లలోపు పిల్లలను హోటళ్ళలో, దాబాలలో పనికి పెట్టడం 2006 అక్టోబరు 10 నుంచి నిషిద్ధం. అయినా బల్ల తుడిచే పిల్లవానిని 'ఛోటూ' అని పిలిచి, ప్లేటు అందుకొని, అతని వయస్సును గూర్చి ఆలోచించనివారు మనలో ఉన్నారు. మన ఎదుట కూర్చున్నవాడు మనకు సమానుడై, మనకు వడ్డించేవాడు సమానుడు కాకపోతే ఆ పంక్తి సగం పంక్తియే.

స్త్రీల స్థానం మూడవది. పాత హోటళ్ళలో తెర కట్టిన 'ఫ్యామిలీ రూము' స్త్రీకి రక్షణ ఇచ్చినది, హద్దు కూడ గీచినది. నేడు విద్యార్థినులు స్నేహితురాళ్ళతో కలిసి బాహాటంగా కూర్చుండి తింటున్నారు. కాని చీకటిపడిన తరువాత ఒంటరిగా ఒక చాయ్ త్రాగే స్వేచ్ఛ యువకునికి ఉన్నంత యువతికి లేదు.

ధర నాలుగవది. చౌక హోటలు కూడ అందనివారు ఉన్నారు. 2014లో నగరపాలక సంస్థ ప్రారంభించిన 5 రూపాయల అన్నపూర్ణ భోజనం అట్టివారిని ఆదుకొన్నది. 2025లో ఆ కేంద్రాలకు ఇందిరమ్మ క్యాంటీన్లు అని పేరు మార్చి ఉదయపు ఫలహారాన్ని కూడ చేర్చినారు. అదే 2014లో వచ్చిన వీధి వ్యాపారుల చట్టం బండివారి జీవనోపాధికి రక్షణ కల్పించినది. రోడ్డు వెడల్పు చేసినప్పుడెల్లా ముందుగా కదిలించబడేది బండియే కనుక, ఆ చట్టం ఎంతవరకు అమలవుతున్నదో చూడవలసిన బాధ్యత పౌరులది.

ముగింపు

మా పరిశీలన నుంచి ఒక సూత్రం తేలినది. వంట వేరు కావచ్చును. పంక్తి వేరు కారాదు. శాకాహారికి తన పాత్ర శుభ్రంగా వేరుగా ఉండాలనే కోరిక న్యాయమైనది. ముస్లింకు తన మాంసం హలాల్ అని నమ్మకం ఉండాలనే కోరిక న్యాయమైనది. ఈ రెండు కోరికలనూ వంటగదిలోనే తీర్చవచ్చును. వాటి పేరుతో బల్లలను విడదీయనవసరం లేదు. దిల్‌సుఖ్‌నగర్ వీధి హోటలువాడు ఏ గ్రంథమూ చదవకుండానే ఈ సూత్రాన్ని ఆచరిస్తున్నాడు.

విద్యాసంస్థలు దీనిని ఆచరిస్తున్నవా? ఉర్దూ మాధ్యమం వారు ఒక మూల, తెలుగు మాధ్యమం వారు ఒక మూల కూర్చుండి డబ్బాలు విప్పే అలవాటు ఎన్నో కళాశాలలలో ఉన్నది. మనం దానికి అతీతులమని చెప్పుకొనజాలము. ఎవరూ ఆ గీత గీయలేదు. ఎవరూ చెరపనూ లేదు. కళాశాల కమిటీవారికి మా విన్నపం ఒక్కటే: క్యాంటీనులో వంటకు వేరు పాత్రలు, హలాల్ విషయంలో స్పష్టత, అందరికీ అందుబాటు ధర, వీటితోపాటు పొడుగాటి ఉమ్మడి బల్లలు ఏర్పాటు చేయవలెను. చిన్న బల్ల స్నేహితులను మాత్రమే చేర్చుతుంది. పొడుగాటి బల్ల అపరిచితులకు కూడ చోటిస్తుంది.

విద్యార్థి మిత్రులకు ఒక అభ్యాసం సూచిస్తున్నాము. ఈ సెలవులలో మీరు తిన్న హోటలును ఒకసారి విద్యార్థి దృష్టితో చూడండి. అక్కడి వంటలలో ఏది ఏ దేశం నుంచి వచ్చినది? పలక మీద ఎన్ని లిపులు ఉన్నవి? వండినవాని ఊరు ఏది? లైసెన్సు సంఖ్య కనబడినదా? ఎదుట కూర్చున్నవానితో మీరు ఒక మాటైనా మాట్లాడినారా? మొదటి నాలుగు ప్రశ్నలకు సమాధానాలను పుస్తకంలో వ్రాసుకొనండి. అయిదవదానికి సమాధానం లేకపోతే మరల వెళ్ళండి.

మన ఈ వార్షిక సంచికలో తెలుగు ఎడమ నుంచి కుడికి, ఉర్దూ కుడి నుంచి ఎడమకు సాగుతాయి. రెండు వైపుల నుంచి చదువుతూ వచ్చినవారు నడిమి పుటలలో కలుసుకొనవలసిందే. హోటలు బల్లకు కూడ రెండు వైపులు ఉన్నవి. దాని మీద పెట్టిన చాయ్ ఇద్దరికీ ఒకే కేటిల్ నుంచి వస్తున్నది.